తాళపుచెవికి ముందొక ప్రశ్న

మన తాతముత్తాతలు ప్రయాణమునకు బయలుదేరుటకు ముందు పంచాంగము చూచెడివారు. సోమవారము తూర్పునకును, గురువారము దక్షిణమునకును వారశూల యనియు, వర్జ్యము గడచినగాని గడప దాటరాదనియు ఇంటి పెద్దలు చెప్పుచుండగా, మూట కట్టుకొని నిలిచినవాడు సైతము అరుగుమీద మరల కూర్చుండి మంచి ఘడియకొఱకు నిరీక్షించెడివాడు. ఆ నమ్మకములలో ఏవి నిలుచునో ఏవి నిలువవో విచారించుట ఈ అధ్యాయమునకు విషయము కాదు. కాని ఆ యాచారములో నేటి నగరవాసి పోగొట్టుకొనిన మేలు ఒకటి కలదు. గడపకును వీధికిని నడుమ ఒక నిలుపు ఉండెడిది. ఎచటికి, ఏ వేళకు, ఏ త్రోవను, ఎవరి తోడుతో, ఏ బండిమీద పోవలెనను ప్రశ్నలన్నియు ఆ నిలుపునందే తేలుచుండెడివి. కారు మన వాకిటికి వచ్చిన నాటినుండి ఆ ప్రశ్నలు ఒక్కటొక్కటిగా మాసిపోయినవి. గోడ కొక్కెమునకు వ్రేలాడు తాళపుచెవిని చేయి తనంతట తాను అందుకొనుచున్నది. కూరగాయలకు పోయినను, ఆఫీసునకు పోయినను, అర కిలోమీటరు దూరముననున్న స్నేహితుని చూడబోయినను మనము అడుగకయే కారులో కూర్చుండుచున్నాము.

ఈ అధ్యాయమున నేను చెప్పదలచిన విషయము చిన్నది. మన చేతిలోని స్మార్ట్‌ఫోను, సరిగా వాడుకొన్నయెడల, ఆ పోయిన నిలుపును మరల తెచ్చి యీయగలదు. కారును విడిచిపెట్టుడని నేను ఎవరికిని ఉపదేశింపను. నడవలేని తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవువానికిని, అర్ధరాత్రివేళ నొప్పులు వచ్చిన ఇల్లాలిని తరలింపవలసిన భర్తకును కారు దేవుడిచ్చిన వరము. తాళపుచెవిని అందుకొనుటకు ముందు ఫోనును ఒకమారు అడుగుడని మాత్రమే నా మనవి. ఆ అడుగుట యెట్లో, ముందుగా ఏమి అడుగవలెనో, వచ్చిన జవాబును ఎంతవఱకు నమ్మవలెనో వివరింతును. నాకు బాగుగా తెలిసిన నగరము హైదరాబాదు గావున దృష్టాంతములు మిక్కిలిగా అచటివే యగును. విజయవాడలోను, విశాఖపట్టణములోను, బెంగుళూరులోను నివసించు చదువరులు తమ తమ ఊళ్ల పేర్లు పెట్టి చదువుకొనవచ్చును.

మా మేనకోడలు కొత్తపేటలో కాపురముండి, నగరమునకు ఆ చివర రాయదుర్గము దగ్గఱ ఉద్యోగము చేయుచున్నది. రెండేండ్లపాటు ప్రతిదినము ఒంటరిగా కారు నడుపుకొని పోయి వచ్చెడిది. ఇల్లు చేరునప్పటికి మెడ పట్టుకొనిపోయి, పిల్లవానితో నాలుగు మాటలు మాటలాడు ఓపికైనను లేక మంచముపై వ్రాలెడిది. ఒక ఆదివారమునాడు భోజనములైన పిదప నేను అడిగితిని.

“ఎందుకమ్మా ఈ తిప్పలు? విక్టోరియా మెమోరియల్ స్టేషను మీకు దగ్గరనే గదా. అమీర్‌పేటల మారితే సీదా రాయదుర్గం. మెట్రోల పోవచ్చు గదా?”

“మెట్రోతోని బాధ లేదు మామయ్యా,” అన్నది. “రాయదుర్గంల దిగినంక ఆఫీసు దాక ఎట్ల పోవాలె? షేర్ ఆటో దొరుకుతదో లేదో, రాత్రి ఎంతసేపు రోడ్డు మీద నిలబడాలెనో ఎవరు చెప్తరు? కారైతే లేటయినా నా చేతిల ఉంటది.”

చివరి మాటను నేను పలుమారులు తలపోసితిని. కారు త్వరగా పోవునని ఆ పిల్ల అనలేదు, సుఖమనియు అనలేదు. ఆలస్యమైనను తన చేతిలో నుండుననెను. అనిశ్చయమనగా మనిషికి గల భయము ఎంతటిదో ఆ ఒక్క మాటలో తెలిసినది. గంటన్నరసేపు సిగ్నళ్లవద్ద బ్రేకు త్రొక్కుచు కూర్చుండుటకు ఓర్చుకొన్న మనిషి, ఎప్పుడు వచ్చునో తెలియని బస్సుకొఱకు పది నిమిషములు నిలుచుటకు ఓర్చుకొనలేడు. బస్సులో కూర్చున్న నిమిషముకంటె స్టాపులో నిలుచున్న నిమిషము ఇంచుమించు రెండింతలు భారముగా తోచునని రవాణాశాస్త్రజ్ఞులు చాలకాలముగా లెక్కకట్టి చెప్పుచున్నారు. మన స్టాపులలో నీడ యుండదు, కూర్చుండుటకు బల్ల యుండదు. కావున ఇచట ఆ భారము అంతకంటె హెచ్చేయని నా అనుభవము.

ఈ భయమునకు మందు వేగము కాదు, సమాచారము. అమెరికాలోని సియాటిల్ నగరమున 2008 సంవత్సరములో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్న బ్రయన్ ఫెరిస్, కారీ వాట్‌కిన్స్ అను ఇద్దఱు విద్యార్థులు, స్టాపునకు బస్సు ఇంకను ఎన్ని నిమిషములలో వచ్చునో ఫోనులో తెలుపు ‘వన్‌బస్‌అవే’ అను సాధనమును రూపొందించిరి. తరువాత అచటి స్టాపులలో నిలుచున్న ప్రయాణికులను పరిశీలింపగా, ఆ సమాచారము చేత లేనివారికి తాము నిరీక్షించిన కాలము ఉన్నదానికంటె దీర్ఘముగా తోచినది. ఫోను చూచుకొని వచ్చినవారికి మాత్రము ఉన్న కాలము ఉన్నట్లే తోచినది. పైగా వారు ఇంటివద్దనే చూచుకొని బయలుదేరుటచేత స్టాపులో గడపిన సమయమును ఇంచుమించు 2 నిమిషములు తగ్గినది. ఒక్క బస్సును అదనముగా వేయలేదు, ఒక్క రోడ్డును వెడల్పు చేయలేదు. బస్సు ఎచట నున్నదో చెప్పిరి, అంతమాత్రముననే నిరీక్షణపు బరువు తగ్గెను.

అనిశ్చయముతోపాటు మనలను కారునకు కట్టివేయునది అలవాటు. దీని బలమును తెలిసికొనుటకు లండను నగరపు ఉదంతము ఒకటి చాలును. 2014 ఫిబ్రవరిలో అచటి భూగర్భ రైళ్ల ఉద్యోగులు రెండు దినములు సమ్మె చేయగా కొన్ని స్టేషనులు మూతపడినవి. జనులు గత్యంతరము లేక కొత్త త్రోవలు వెదకికొనిరి. సమ్మె ముగిసిన పిదప అందఱును పాత త్రోవకే మరలుట సహజము గదా? కాని టికెట్టు కార్డుల లెక్కలను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులకు, సుమారు నూటికి అయిదుగురు ప్రయాణికులు తిరిగి పాత త్రోవకు రాలేదని కనబడినది. అనగా వారు ఏండ్ల తరబడి ప్రతిదినము పోవుచుండిన మార్గము తమకు తగిన మార్గము కాదన్నమాట. హ్యారీ బెక్ అనువాడు గీచిన ప్రసిద్ధమైన అచటి రైలుపటము చూచుటకు సొంపుగా నుండుటకై దూరములను కొంత మార్చి చూపును. అట్టి మార్పు ఎక్కువగా నున్న ప్రాంతములలోనే ఈ కొత్తత్రోవలవారు ఎక్కువగా తేలిరి. మన మనస్సులోని నగరపటము సైతము ఇట్టిదే. “మా యింటినుండి బస్సు లేదు”, “మెట్రో దూరము”, “ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైలు వేళకు రాదు” అని మనము ఎన్నడో గీచికొనిన గీతలను మరల తుడిచి చూడము. 2017 నవంబరు 28వ తేదీన మియాపూరు, నాగోలుల మధ్య తొలి మెట్రో ప్రారంభమైన పిదప హైదరాబాదు నగరములో సుమారు 69 కిలోమీటర్ల మార్గము, 57 స్టేషనులు ఏర్పడినవి. ఐనను 2015లో గీచికొనిన మనోపటముతోనే నేటికిని కారు నడుపుచున్నవారిని నేనెఱుగుదును.

సమ్మె జరుగువఱకు వేచియుండ నక్కఱలేదు. ఇల్లు మారినప్పుడు, ఉద్యోగము మారినప్పుడు, పిల్లవాని బడి మారినప్పుడు అలవాటు తనంతట తాను సడలును. ఆ తొలి మూడు నెలలలో ప్రయాణపు తీరు మార్చుకొనుట సులభమని మనశ్శాస్త్రజ్ఞులు పరిశీలించి చెప్పిరి. మీ జీవితములో అట్టి మార్పు ఈ యేడు రానున్నయెడల, సామానులు సర్దుటకు ముందే ఈ అధ్యాయమును మరల చదువుడు.

ఇక ఫోను ఈ సమాచారమును ఎచటినుండి తెచ్చునో కొంచెము తెలిసికొనవలెను. తెలియనిచో దానిని అతిగా నమ్ముటయో, ఒక్క తప్పునకే పూర్తిగా విసర్జించుటయో జరుగును. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణాసంస్థయగు ట్రైమెట్‌లో పనిచేయుచుండిన బిబియానా మెక్‌హ్యూ అను ఉద్యోగిని, కారునకు దారి చూపుట ఇంటర్నెట్టులో ఇంత సులువుగా నుండగా బస్సునకు దారి తెలిసికొనుట ఏల ఇంత కష్టముగా నుండవలెనని మథనపడి, తమ సంస్థ వేళలను గూగుల్ వారికి అందజేసెను. 2005 డిసెంబరులో ఆ నగరముతోనే గూగుల్ ట్రాన్సిట్ మొదలైనది. ఏ స్టాపు ఎచట, ఏ బస్సు ఏ వరుసలో ఏ నిమిషమునకు అని వ్రాయుటకు నాడు ఏర్పడిన పద్ధతియే నేడు లోకమందలి రవాణాసంస్థలు అనేకము వాడు పద్ధతి. ఇది కాగితము మీది వేళ. బస్సులో అమర్చిన జి.పి.ఎస్. పరికరము క్షణక్షణము పంపు స్థానమునుబట్టి తెలుపునది రెండవ విధము, అది నిజమైన వేళ. ఈ రెంటికి భేదము తెలియక మోసపోవువారు పెక్కండ్రు. మ్యాపులో ‘8.40’ అని కనబడినంత మాత్రమున బస్సు 8.40కి వచ్చుచున్నదని కాదు. రావలెనని ఎవరో ఒకప్పుడు వ్రాసిరని అర్థము. బస్సు కదలుచున్నట్లు చూపిన గుర్తు కనబడినప్పుడే అది నమ్మదగిన మాట. నిజాము రైల్వే సంస్థ 1932లో 27 బస్సులతో ప్రారంభించిన రవాణావ్యవస్థకు వారసులైన తెలంగాణ ఆర్టీసీవారు 2023 ఆగస్టులో ‘గమ్యం’ అను యాప్‌ను ఇందుకొఱకే విడుదల చేసిరి. పూర్వము 8ఏ, 10హెచ్, 127కె అని బస్సు నంబర్లు కంఠస్థముగా నుండి, మలుపు తిరుగు బస్సును దూరమునుండియే గుర్తుపట్టు పాత ప్రయాణికులుండెడివారు. వారి కన్నులు చేసిన పనిని ఈ యాప్ చేయజూచుచున్నది.

ఇప్పుడు మా మేనకోడలితో కలిసి నేను చేసినపనిని చెప్పుదును. మొదటి దినమే సోమవారపు రద్దీలో పరీక్ష పెట్టుకొనలేదు. ఆదివారము ఉదయము, తొందర లేని వేళ, కార్యాలయమువఱకు పోయి వచ్చుటయే పనిగా బయలుదేరితిమి. అంతకుముందు శనివారము రాత్రి ఫోనులో ఇంటిని, కార్యాలయమును శాశ్వత స్థానములుగా నమోదు చేసితిమి. లేనిచో ప్రతిదినము పేరు టైపు చేయుటయే ఒక బాధయై, మూడవనాటికి ఆ యాప్‌ను తెరచుట మానుదుము. మ్యాపు తెరవగానే కారు గుర్తు ముందుకు వచ్చినచో వేలు దానిమీద నిలువనీయక బస్సుగుర్తును ఎంచుకొనవలెను. “ఇప్పుడు బయలుదేరినచో” అను ప్రశ్నను విడిచి, “తొమ్మిదిన్నరకు చేరవలెనన్నచో” అని అడుగవలెను. ఈ రెండు ప్రశ్నలకును వచ్చు జవాబులలో భేదము చాల గలదు: మొదటిది మనలను తొందరపెట్టును, రెండవది మనకు ఎంత వ్యవధి యున్నదో చెప్పును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట మాకు అనుభవముమీద తెలిసినది: ముందు తిరుగు ప్రయాణమును అడుగవలెను. పోవుటలో ఎవరికిని భయము లేదు. భయమంతయు రాత్రి యెనిమిదిన్నరకు తిరిగి వచ్చుటలో నున్నది. చివరి రైలు ఎప్పుడు, అమీర్‌పేటలో మారుటకు ఎంతసేపు పట్టును, స్టేషను దిగిన పిదప ఇంటివఱకు వెలుతురుగల త్రోవ ఏది, వాన కురిసినచో ఏమి గతి, ఇవి తెలిసికొన్న పిదప ఉదయపు ప్రయాణము దానంతట అది సుగమమైనది. రాత్రివేళ ప్రయాణించు స్త్రీలు తమ లైవ్ లొకేషన్‌ను ఇంటివారికి పంపుట మంచి అలవాటు. మా పిల్ల రైలెక్కగానే భర్తకు పంపును, అతడు ఆ చుక్క కదలుటను చూచి బియ్యము కుక్కరులో పెట్టును.

కార్యాలయమునకు స్టేషనునుండి నడచు దూరమును ఆమె తన మనస్సులో రెండు కిలోమీటర్లుగా ఊహించుకొన్నది. ఫోను నడకదారిని కొలిచి చూపగా అది 1 కిలోమీటరునకు తక్కువగానే తేలినది. నడచి చూడగా పండ్రెండు నిమిషములు పట్టినది. కారు అద్దములోనుండి చూచిన దూరము కాలికి వేఱుగా నుండును. ఫుట్‌పాతు రెండుచోట్ల తెగిపోయినది, ఒకచోట ట్రాన్స్‌ఫార్మరు దారిని మూసినది. ఇవి ఏ యాప్‌లోను కనబడవు, నడచినవానికే కనబడును. అందుచేతనే ఆదివారపు పరీక్ష మానరాదని నేను పట్టుపట్టి చెప్పుచున్నాను. వేసవిలో గొడుగును, కార్యాలయపు సొరుగులో ఒక జత చెప్పులును ఉండవలెను. ఇంత చిన్న విషయములు పుస్తకములో వ్రాయవలెనా యని కొందఱనవచ్చును; కాని పెద్ద సంకల్పములు ఇట్టి చిన్నవాటివలననే విరుగుట నేను కన్నులార చూచితిని.

టికెట్టు సంగతి సులభమైనది. మెట్రోకు వాట్సాప్‌లోనే టికెట్టు కొనుటకు 2022 నుండి వీలు కలిగినది, ఎం.ఎం.టి.ఎస్. టికెట్టును రైల్వేవారు 2025 జూలైలో విడుదల చేసిన ‘రైల్‌వన్’ యాప్‌లో తీసికొనవచ్చును. స్త్రీలకు 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలోను, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశములోను ఆర్టీసీ బస్సులలో నిర్ణీత రకములకు ఉచిత ప్రయాణము కలదు. గుర్తింపుకార్డు సంచిలో నుండిన చాలును. చెన్నపట్టణములో 2025 సెప్టెంబరున వచ్చిన ‘చెన్నై వన్’ యాప్‌లో బస్సు, మెట్రో, లోకల్ రైళ్లకు ఒకే క్యూఆర్ కోడ్‌తో ప్రయాణింపవచ్చును. అట్టిది మన నగరములకును రావలెనని కోరుట న్యాయమైన కోరిక.

సోమవారములలో మాత్రమే కారు తీయకుండ నుండవలెనని ఆమె నియమము పెట్టుకొన్నది. ఒక నెల గడచిన పిదప గురువారము చేరినది. తొలి నెలలో రెండుమారులు ఆలస్యమైనది, ఒకమారు వానలో తడిసినది. ఒకమారు యాప్‌లో కనబడిన బస్సు రానేలేదు. అట్టి దినమున “ఇక చాలు” అని విసిగికొనక, ఆటో చేసికొని ఇల్లు చేరవలెనని ముందే నిశ్చయించుకొంటిమి. ఈ ఆపద్ధర్మము ముందుగా నిర్ణయించుకొనుట చాల అవసరము. ఒక్క ఏకాదశి తప్పినంతమాత్రమున ఉపవాసములన్నియు మానివేయరు గదా.

ఇచట ఖర్చుల లెక్క ఒకటి చేయవలెను. ఇది ఫోను తనంతట తాను చెప్పదు. మ్యాపులో మెట్రో చార్జీ కనబడును, క్యాబు చార్జీ కనబడును; సొంత కారునకు మాత్రము కాలమే చూపును గాని ఖర్చు చూపదు. ఉదాహరణకు, 10 లక్షలకు కొనిన కారు పదేండ్లకు 2 లక్షలకు అమ్ముడుపోయెననుకొందము; ఏటికి 80 వేల రూపాయలు కరిగిపోయినవి. బీమా, సర్వీసింగు, టైర్లు కలిపి ఏటికి మఱియొక 40 వేలు వేసికొందము. పెట్రోలు చుక్క పోయకముందే దినమునకు ఇంచుమించు 330 రూపాయలు. నేను నిష్పక్షపాతముగా చెప్పవలెనన్నచో, కారు ఇంట నిలిపినను ఈ 330 రూపాయలలో పెక్కుభాగము పోవుచునే యుండును; సోమవారము మిగులునది పెట్రోలు, పార్కింగు రుసుము, టైరు అరుగుదల మాత్రమే. కావున ఈ లెక్క ఉన్న కారును గూర్చి కాక కొనబోవు రెండవ కారును గూర్చి చేయవలెను. మా మేనకోడలి భర్త ఆ యేడు తనకొక కారు కొనదలచి బ్యాంకులో అప్పుకు సైతము అడిగియుండెను. ఆమె క్రమముగా వారమునకు మూడు దినములు మెట్రోకు మారిన పిదప ఇంటిలోని ఒక్క కారు ఇద్దఱకును చాలినది, అప్పు తీసికొనలేదు. నగరములో కార్లు తగ్గుట యనగా ఇట్లే, ఒక్కొక్క ఇంట కొనని రెండవ కారు రూపమున.

యాప్‌లన్నియు ఈ విషయమున మేలు చేయునవేయని భ్రమపడరాదు. కారును పిలిచి తెచ్చు యాప్‌లు సైతము ఫోనులోనే యున్నవి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 2010 నుండి 2016 వఱకు రద్దీవలన వాహనములు పోగొట్టుకొన్న గంటలు నూటికి 62 వంతులు పెరిగినవనియు, యాప్ క్యాబులే లేకున్నచో ఆ పెరుగుదల 22 వంతులు మాత్రమే యుండెడిదనియు 2019లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తేల్చినది. సవారీకొఱకు ఖాళీగా తిరుగు బండి రోడ్డుమీద నుండును, అడుగడుగున ఎక్కించుకొనుటకును దించుటకును ఆగు బండి వెనుకవారిని ఆపును; బస్సునకు నడచి పోవలసిన మనిషి ఇంటి గడపలోనే క్యాబు ఎక్కును. కావున క్యాబును గాని ఆటోను గాని స్టేషనువఱకు పోవుటకు పిలిచినచో అది మెట్రోకు తోడగును, గమ్యమువఱకు పిలిచినచో సొంత కారునకు మాఱుపేరగును. మీ నెలవారీ ప్రయాణముల చరిత్రను ఆ యాప్‌లోనే తెరచి చూచినచో, మీ పిలుపులు ఏ జాతివో మీకే తెలియును.

రద్దీగా నున్న ప్రధానమార్గమును తప్పించి కాలనీల సందులలోనుండి దారి చూపు పటములవలనను హాని కలదు. ఒక్కరికి అయిదు నిమిషములు మిగులును, పిల్లలాడుకొను వీధి హారనుల పాలగును. ఇదివఱకే రోడ్లు వెడల్పు చేసి, ఫ్లైఓవర్లు కట్టి మనము నేర్చుకొనియుండవలసిన పాఠము కూడ ఇట్టిదే. రద్దీవేళ ఖాళీ చూపిన రోడ్డు కొత్త కార్లను పిలిచి తిరిగి నిండునని ఆంథొనీ డౌన్స్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు 1962లోనే వ్రాసెను. యాప్ చూపిన ఖాళీ సందు సైతము అంతే.

ఇంకొక విషయము. యాప్ ఎంత గొప్పదైనను దానిక్రింద బస్సు లేనిచో అది నిలువదు. ఫిన్లాండ్ దేశపు హెల్సింకి నగరమున 2016లో ‘విమ్’ అను యాప్ ప్రారంభమైనది. నెలకింతయని చెల్లించినచో ట్రాము, బస్సు, టాక్సీ, అద్దె కారు అన్నియు అందులోనే యని లోకమంతయు దానిని ప్రశంసించినది. దానిని నడపిన సంస్థ 2024లో దివాలా తీసినది. ట్రాములు మాత్రము నేటికిని నడచుచున్నవి. మనము ఆశపెట్టుకొనవలసినది దేనిమీదనో ఈ ఉదంతము చెప్పును. యాప్ తెరచి “పది నిమిషములలో బస్సు” అని చదువుటకు ముందు, ఆ పది నిమిషములకొక బస్సు వేయగల ప్రభుత్వమును, దానిని నడపగల డ్రైవరును, కండక్టరును మనము కోరవలెను.

తాను మారిన పిదప తనవారిని మార్చుట యెట్లను ప్రశ్న తప్పక వచ్చును. ఉపన్యాసమువలన ఎవడును కారు దిగడు. ఇటలీలోని బొలోన్యా నగరమున 2017లో ‘బెల్లా మొస్సా’ అను పథకము పెట్టి, నడచినవారికిని, సైకిలు త్రొక్కినవారికిని, బస్సెక్కినవారికిని యాప్ ద్వారా పాయింట్లు ఇచ్చి, వానితో ఐస్‌క్రీములు, సినిమా టికెట్లు పొందు వీలు కల్పించిరి. జనులు సంతోషముతో పాల్గొనిరి. అంతకుముందే, స్మార్ట్‌ఫోనులు ఇంతగా వ్యాపింపకముందు, 2008లో బెంగుళూరులోని ఇన్ఫోసిస్ సంస్థలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు బాలాజీ ప్రభాకర్ బృందము ఉదయము రద్దీకి ముందే కార్యాలయము చేరినవారికి లాటరీ బహుమానము లిచ్చి చూచినది. పెందలకడ వచ్చువారి సంఖ్య గణనీయముగా పెరిగినది. బహుమానము పెద్దది కానక్కఱలేదు. మార్పును ఎవరో గమనించుచున్నారను భావమే మనిషిని కదలించునని నా అభిప్రాయము. మీ కార్యాలయములో మీకు కొంచెము పలుకుబడి యున్నచో, ఉచిత పార్కింగుతో సమానముగా మెట్రో కార్డునకును కొంత సొమ్ము ఇప్పించుటకు ప్రయత్నింపుడు. పార్కింగు ఉచితమని మనమనుకొనునది సంస్థ అద్దె చెల్లించుచున్న నేలయే గదా. ఇంటిలోనైనచో, ముసలి తండ్రికి యాప్ చూపి విసిగింపక, మొదటిమారు ఆయన ప్రక్కన కూర్చుండి ప్రయాణము చేయుడు. “నాన్నా, మీరు టికెట్టు చూపించండి, నేను వెనకాలే వస్తాను” అన్నచో చాలును. రెండవమారు ఆయన ఒంటరిగా పోయి వచ్చి తన స్నేహితులకు చెప్పుకొనును.

యాప్‌లు మన సంచారమంతయు తెలిసికొనునవి గావున, లొకేషను అనుమతిని ‘వాడుచున్నప్పుడు మాత్రమే’ అని ఎంచుకొనుట మంచిది. పని ముగిసిన యాప్‌ను తీసివేయుట అంతకంటె మంచిది. రెండు మూడింటికంటె ఎక్కువ యాప్‌లు ఎవరికిని అవసరము లేదు. ఒక పటము, ఒక బస్సు యాప్, ఒక టికెట్టు మార్గము ఉన్న చాలును.

యాప్‌లో కనబడిన బస్సు రానినాడు, ఫుట్‌పాతు తెగిపోయినచోట, స్టాపులో దీపము వెలుగనిచోట మీరు చేయదగిన పని ఒకటి కలదు. ఫోటో తీసి, స్థలమును వేళను వ్రాసి, రవాణాసంస్థకును పురపాలక సంస్థకును పంపుడు. కారులో పోవుచుండినంతకాలము మనకు ఆ గుంట కనబడలేదు. ఇప్పుడు కనబడినది గావున చెప్పవలసిన బాధ్యతయు మనదే. మా మేనకోడలు ఆ ట్రాన్స్‌ఫార్మరును గూర్చి నాలుగుమారులు ఫిర్యాదు పెట్టినది. అది నేటికిని అచటనే యున్నది. ఆమె అయిదవది వ్రాయుచున్నది.

చదువరులారా, ఈ రాత్రి పరుండుటకు ముందు మీ ఫోనులో ఇంటిని, పనిచేయు చోటును నమోదు చేసి, మొదట తిరుగు ప్రయాణమును అడుగుడు. రానున్న ఆదివారము ఉదయము, వెంట ఒకరిని తోడు తీసికొని, ఆ త్రోవను ఒకమారు పోయి రండు.